గ్రంథులూ, మాటలూ: దాంపత్య సాన్నిహిత్యపు చరిత్ర

భార్య విసుక్కుంటే ‘అది హార్మోన్ల ప్రభావం’ అంటున్నారు. భర్త ఇల్లు పట్టకుండా తిరిగితే ‘మగవాడి శరీరధర్మం అంతే’ అంటున్నారు. కొత్త దంపతులకు పొసగకపోతే ‘కెమిస్ట్రీ కుదరలేదు’ అంటున్నారు. ఇవే సందర్భాలలో మన తాతలు తలరాత అన్నారు, జాతకం అన్నారు, పూర్వజన్మ కర్మ అన్నారు. మాట మారింది గాని మాట చేసే పని మారలేదు. ఇద్దరు మనుషుల మధ్య ఏర్పడిన చిక్కుకు కారణాన్ని వారి బతుకులో, వారి ఇంట్లో, వారి సంఘంలో వెదకకుండా, ఎవరి చేతిలోనూ లేని ఒక శక్తిమీదికి నెట్టివేయటమే ఆ పని. కర్మ సిద్ధాంతానికి రుజువు లేదు కనుక దానిని కొట్టివేయటం తేలిక. హార్మోను మాత్రం నిజంగానే ఉన్నది. అందుచేత ఈ కొత్త తలరాతను పరిశీలించటానికి మరికొంత శ్రమ పడవలసి ఉంటుంది.

ఆ శ్రమకు చరిత్ర సాయపడుతుంది. గ్రంథుల శాస్త్రం పుట్టి నూటడెబ్బయి అయిదేళ్లు దాటింది. ఈ కాలమంతటిలో ఆ శాస్త్రం నడిచిన దారి ఒకటి. దాని పేరు చెప్పి సంఘం నడిచిన దారి మరొకటి. సంఘం గ్రంథిని రాజుగా చేసి పట్టాభిషేకం చేసింది. శాస్త్రం మాత్రం అడుగడుగునా ఆ రాజు అధికారానికి హద్దులు చూపుతూ వచ్చింది. ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

1849లో గాటింగెన్ నగరంలో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఆరు కోడిపుంజు పిల్లలమీద ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు తీసివేసిన పుంజులకు జుట్టు ఎదగలేదు, కూత రాలేదు, పోట్లాట లేదు, పెట్టలమీద ధ్యాసా లేదు. తీసిన వృషణాన్ని తిరిగి కడుపులో అతికించిన పుంజులు మాత్రం మామూలు పుంజులవలెనే పెరిగాయి. అతికించిన అవయవానికి పాత నరాల సంబంధం లేదు. కాబట్టి ఏదో పదార్థం రక్తంలో కలిసి శరీరమంతా తిరుగుతున్నదని ఆయన గ్రహించాడు. ఆ కాలంలో ఈ విషయం ఎవరికీ పట్టలేదు.

నలభై ఏళ్ల తరవాత పట్టింది. అయితే జ్ఞానంకోసం కాదు, యౌవనంకోసం. 1889 జూన్ నెలలో పారిస్‌లోని జీవశాస్త్ర సంఘం సభలో బ్రౌన్-సెకార్ అనే డెబ్బయిరెండేళ్ల ప్రఖ్యాత వైద్యశాస్త్రజ్ఞుడు లేచి, కుక్కల, గినీపందుల వృషణాలనుంచి తీసిన రసాన్ని తనకు తానే సూదిమందుగా ఎక్కించుకున్నానని, పోయిన బలం తిరిగి వచ్చిందని ప్రకటించాడు. ప్రపంచమంతా ఆ మందుకోసం ఎగబడింది. ఆ పదార్థం నీటిలో సరిగా కరగదు కనుక ఆయన తీసిన రసంలో అది ఉండవలసినంత లేదని తరవాతి శాస్త్రం తేల్చింది. ఆయనకు వచ్చిన బలం నమ్మకంవల్ల వచ్చిన బలం.

ఈ సంఘటన చదివినప్పుడు తెలుగువాడికి కన్యాశుల్కం జ్ఞాపకం రాక తప్పదు. అక్కడ పారిస్ వృద్ధుడు యౌవనాన్ని సూదిలో వెదుకుతున్న రోజులలోనే, ఇక్కడ మన వృద్ధులు యౌవనాన్ని రొక్కం పోసి కొంటున్నారు. గురజాడ నాటకం మొదటిసారి ప్రదర్శించబడింది 1892లో, అచ్చయింది 1897లో. విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇటువంటి పెళ్లిళ్ల పట్టిక 1034కు చేరిందని ఆ మొదటి కూర్పు పీఠికలో ఆయన రాశాడు. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు అయిదేళ్లు. ముగ్గురికి ఒక్క ఏడే!

లుబ్ధావధాన్లకు సుబ్బిని కట్టబెట్టటానికి బేరం కుదిరింది. శుల్కం ఎంత అన్నదానిమీద చర్చ ఉన్నది, ముహూర్తం ఎప్పుడన్నదానిమీద చర్చ ఉన్నది. సుబ్బి సమ్మతి మాత్రం ఎవరి చర్చలోనూ లేదు. నేను తరగతిలో ఈ పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని లేచి, ‘ఈ పెళ్లి జరిగి ఉంటే వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవారు సార్?’ అని అడిగింది. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దాంపత్యాన్ని గురించి అంతకంటె సూటి ప్రశ్న నేను వినలేదు.

ఆనాటి చట్టంకూడా మాటను లెక్కలోకి తీసుకోలేదు. వయస్సును మాత్రమే లెక్కించింది. కలకత్తాలో ఫూల్మణి అనే పసిపిల్ల భర్త చేతిలో చనిపోయిన తరవాత, పెద్ద ఆందోళనమీద, 1891లో బాలిక సమ్మతి వయస్సును పదినుంచి పన్నెండేళ్లకు పెంచారు. పన్నెండు నిండితే శరీరం సిద్ధమైనట్లే! శరీరం సిద్ధమైతే మనిషి ఒప్పుకున్నట్లే! గ్రంథి పని మొదలుపెట్టటమే సమ్మతి అన్న ఈ తర్కం శారదా చట్టం వచ్చిన 1929దాకా బలంగా నడిచింది. ఆ చట్టం బాలికల వివాహ వయస్సును పధ్నాలుగుకు తెచ్చింది. దాని నీడ ఇంకా పూర్తిగా తొలగిపోలేదు.

2

‘హార్మోను’ అనే మాట 1905లో పుట్టింది. దానికి మూడేళ్లముందు, 1902లో, లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఆహారం చిన్నప్రేగులోకి దిగగానే అక్కడ పుట్టే ఒక పదార్థం రక్తంద్వారా ప్రయాణం చేసి క్లోమాన్ని పనిలోకి దించుతున్నదని కనుగొన్నారు. ఇటువంటి పదార్థాలకు ఒక పేరు కావలసి వచ్చి, ‘కదిలించేది’ అని అర్థం వచ్చే గ్రీకు ధాతువునుంచి స్టార్లింగ్ ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. స్టార్లింగ్ వీటిని శరీరంలోని వార్తాహరులుగా వర్ణించాడేగాని ప్రభువులుగా వర్ణించలేదు. వార్తాహరుడు వార్త తెస్తాడు. ఆ వార్తతో ఏమి చేయాలన్నది అందుకున్నవారి స్థితినిబట్టి ఉంటుంది.

బజారుకు ఈ భేదం అక్కరలేకపోయింది. 1920 దశకం వచ్చేసరికి గ్రంథుల వ్యాపారం పెచ్చుపెరిగింది. పారిస్‌లో వొరొనోఫ్ కోతుల వృషణాల ముక్కలను ధనికులకు అతికించాడు. వియన్నాలో స్టైనాఖ్ వీర్యవాహికను కట్టివేస్తే యౌవనం తిరిగి వస్తుందన్నాడు. 1934లో ఐర్లండు మహాకవి యేట్స్ అంతటివాడుకూడా ఆ శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఈ చికిత్సలన్నిటికీ గిరాకీ ఎక్కువగా డబ్బున్న మగవారినుంచే వచ్చింది. ప్రశ్న కూడా ఒక్కటే: నాకు శక్తి ఎట్లా వస్తుంది? నా భార్య ఏమి అనుకుంటున్నది అన్న ప్రశ్నకు ఆ వైద్యశాలలలో చోటు లేదు.

ఆ ప్రశ్న అడిగింది ఒక స్త్రీ. ఇంగ్లండులో మేరీ స్టోప్స్ వృత్తిరీత్యా వృక్షశాస్త్రజ్ఞురాలు. ఆమె మొదటి వివాహాన్ని, అది దాంపత్యంగా నెరవేరలేదన్న కారణంమీద, 1916లో న్యాయస్థానం రద్దుచేసింది. తన అజ్ఞానానికి తాను చెల్లించిన మూల్యం మరొకరు చెల్లించకూడదని ఆమె 1918లో ‘మ్యారీడ్ లవ్’ అనే పుస్తకం రాసింది. స్త్రీ కోరికకు నెలలో ఆటుపోటులు ఉంటాయని, భర్త వాటిని తెలుసుకోవాలని, తెలుసుకోవటానికి అడగాలని ఆ పుస్తకం సారాంశం. స్త్రీ అండాశయపు హార్మోనును వేరుచేసి చూడగలిగింది 1929లో. దానికి పదకొండేళ్లముందే ఆమె ఆ ఆటుపోటులకు రేఖాపటం గీసింది. ఏ ప్రయోగశాలా లేకుండా ఎట్లా గీసింది? స్త్రీలను అడిగి గీసింది. పుస్తకం వచ్చిన తరవాత వేలమంది దంపతులు ఆమెకు ఉత్తరాలు రాశారు. పక్కమీద పక్కనే ఉన్న మనిషితో చెప్పుకోలేని మాటను ముఖం ఎరుగని రచయిత్రికి రాసుకున్నారు.

స్టోప్స్‌ను మనం ఆకాశానికి ఎత్తనవసరం లేదు. పేదలను, ‘అయోగ్యుల’ను సంతానం కననివ్వకూడదనే జాతిశుద్ధి వాదాన్ని ఆమె సమర్థించింది. ధనిక కుటుంబంలో దంపతుల స్వేచ్ఛ కోరిన నోటితోనే పేద కుటుంబపు స్వేచ్ఛను కాదన్నది. వర్గదృష్టి మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో, ఎక్కడ ఆపివేయగలదో ఆమె జీవితమే చెబుతుంది.

ఆ దశకంలోనే తెలుగుదేశంలో చలం కలం పట్టాడు. తన కోరికను గురించి నోరు విప్పే హక్కు భార్యకు లేని సంసారాన్ని ఆయన నిలదీశాడు. ‘మైదానం’లో రాజేశ్వరి ప్లీడరు భర్త ఇల్లు విడిచి అమీరుతో వెళ్లిపోతుంది. మన విమర్శకులు చలాన్ని తిట్టారు, పొగిడారు. ఆయన బలమూ బలహీనతా రెండూ ఒకచోటే ఉన్నాయని నా అభిప్రాయం. ఇంట్లో మాట లేదని ఆయన చూశాడు. మాట పుట్టాలంటే ఇల్లు మారాలని, ఇల్లు నిలిచిన ఆర్థిక పునాది మారాలని చూడలేదు. మైదానానికి పంపించాడు. మైదానంలో ఎల్లకాలం కాపురం సాగదు.

3

1930 దశకంలో శాస్త్రం మరొక గోడను కూల్చింది. 1931లో జర్మనీలో బుటెనాంట్ పోలీసుల మూత్రాన్ని దాదాపు 15,000 లీటర్లు పోగుచేసి, అందులోనుంచి 15 మిల్లీగ్రాముల పురుష హార్మోనును తీశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో టెస్టోస్టెరోను దొరికింది. ఆ సంవత్సరమే దానిని ప్రయోగశాలలో తయారుచేశారు. పురుషత్వమంతా ఒక గాజుబుడ్డిలో ఇమిడిందని పత్రికలు సంబరపడ్డాయి.

ఆ సంబరం మొదలు కాకముందే, 1934లో, జోండెక్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చిత్రమైన సంగతి ప్రకటించాడు. మగతనానికి మారుపేరుగా చెప్పుకునే మగగుర్రపు మూత్రంలో స్త్రీ హార్మోను పుష్కలంగా ఉన్నది! తరవాత పరిశోధనలో మరీ విడ్డూరం బయటపడింది. స్త్రీ శరీరంలోనూ టెస్టోస్టెరోను ఉన్నది. పురుష శరీరం టెస్టోస్టెరోనునే కొంత స్త్రీ హార్మోనుగా మార్చుకుంటున్నది. తేడా పాళ్లలో ఉన్నదేగాని జాతిలో లేదు. స్త్రీ ఒక లోకమూ, పురుషుడు మరొక లోకమూ, వాళ్లు ఒకరికొకరు అర్థం కారు అనే సిద్ధాంతానికి గ్రంథులు సాక్ష్యం చెప్పవు. అర్థం కాకపోవటానికి కారణం మరెక్కడో వెదకాలి.

4

మన కాలంలో అందరి నోటా వినబడే హార్మోను ఆక్సిటోసిన్. పత్రికలవారు దీనికి ‘ప్రేమ హార్మోను’ అని నామకరణం చేశారు. దీని చరిత్ర ప్రేమతో మొదలుకాలేదు, కాన్పుతో మొదలయింది. 1906లో హెన్రీ డేల్ పీయూష గ్రంథి రసం పిల్లి గర్భాశయాన్ని ముడుచుకునేట్లు చేస్తున్నదని గమనించాడు. ఆ పేరుకు అర్థమే ‘త్వరిత ప్రసవం’. 1953లో అమెరికాలో డు విన్యో దాని నిర్మాణం తేల్చి తయారుచేశాడు. 1955లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. 1979లో, పిల్లలు లేని ఆడ ఎలుకల మెదడులోకి దీనిని ఎక్కిస్తే అవి పరాయి పిల్లలను తల్లివలె చూసుకున్నాయని ఒక ప్రయోగం చూపింది.

ఆ తరవాత 1990 దశకంలో ప్రెయిరీ వోల్ అనే గడ్డిమైదానపు ఎలుక రంగంమీదికి వచ్చింది. ఇది జంటకట్టి బతికే జంతువు. ఆక్సిటోసిన్ ఇస్తే జంట త్వరగా కుదురుతున్నదని, దానిని అడ్డుకుంటే కుదరటం లేదని ప్రయోగాలు చెప్పాయి. 2005లో మనుషుల ముక్కులో ఆక్సిటోసిన్ చల్లితే డబ్బు పందెంలో ఎదుటివారిని ఎక్కువ నమ్ముతున్నారని ఒక ప్రయోగం ప్రకటించింది. ఇంకేమున్నది! ప్రేమకు రసాయనం దొరికిందన్నారు. నమ్మకాన్ని సీసాలలో పోసి అమ్మసాగారు.

తరవాతి కథ బజారు చెప్పదు. ఆ నమ్మకపు ప్రయోగాన్ని పెద్ద ఎత్తున తిరిగి చేసినవారికి ఆ ఫలితం రాలేదు. 2010లో మరొక పరిశోధన, ఈ హార్మోను తన గుంపువారిమీద అభిమానాన్ని పెంచుతుందేగాని మనుషులందరిమీదా కాదని చూపింది. 2023లో, ఆక్సిటోసిన్ వార్తను అందుకునే శక్తిని జన్యువులలోనే తీసివేసిన వోల్ ఎలుకలు సైతం జంటలు కట్టాయని, పిల్లలను కన్నాయని, పాలిచ్చాయని ప్రచురించారు. ఎలుక జంటకట్టటానికే ఒక్క హార్మోను చాలదు, అది లేనంతమాత్రాన జంట ఆగదు. అటువంటప్పుడు మనిషి సంసారాన్ని ఒక్క హార్మోనుతో వివరించటం ఎంతవరకు సబబు?

5

ఇంతవరకు గ్రంథి మాటను నడుపుతుందా అని చూశాం. మాట గ్రంథిని నడుపుతుందా అన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దం చివరకు గాని ఎవరూ గట్టిగా అడగలేదు.

అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం తొంభైమంది కొత్త జంటలను ఒక్కొక్క రోజు వైద్యశాలలో ఉంచింది. అందరూ ఆరోగ్యవంతులే. వారికి పేచీ ఉన్న విషయంమీద అరగంట మాట్లాడుకోమన్నారు. నొప్పి తెలియకుండా మధ్యమధ్య రక్తం తీశారు. 1993లో ఫలితం వచ్చింది. వెక్కిరింపు, నింద, తీసిపారవేయటం ఎక్కువగా ఉన్న జంటల రక్తంలో ఒత్తిడి హార్మోనులు పెరిగాయి. రోగాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గింది. ఆ దెబ్బ స్త్రీలలో ఎక్కువగా, ఎక్కువ కాలం కనిపించింది. పదేళ్ల తరవాత చూస్తే, విడిపోయిన జంటలవారి రక్తంలో మొదటి ఏడాదే ఆ హార్మోనులు ఎక్కువగా ఉన్నాయని 2003లో తేలింది. 2005లో ఆ బృందమే నలభైరెండు జంటల చేతులమీద చిన్న పుండ్లు చేసి చూసింది. కటువుగా మాట్లాడుకునే దంపతుల పుండు, నెమ్మదిగా మాట్లాడుకునే దంపతుల పుండు మానే వేగంలో 60 శాతం వేగంతోనే మానింది. మాట పుండు చేస్తుందని మన పెద్దలు అన్నారు. చేసిన పుండును మాననివ్వదని కూడా ఇప్పుడు తెలిసింది.

మరొక ఉదాహరణ. ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగర ప్రాంతంలో 624 మంది యువకులను కొన్నేళ్లపాటు గమనించి 2011లో ప్రకటించిన పరిశోధన ఒకటున్నది. పెళ్లయి తండ్రులైనవారిలో టెస్టోస్టెరోను బాగా తగ్గింది. బిడ్డ ఆలనాపాలనా రోజుకు మూడు గంటలో, అంతకుమించో చూసే తండ్రులలో, ఆ పని ముట్టనివారిలోకంటె తక్కువగా ఉన్నది. ‘మగవాడి శరీరధర్మం’ అని మనం చేతులు దులుపుకున్న శరీరమే, బిడ్డను ఎత్తుకున్న చేతులకు అనుగుణంగా మారుతున్నది. పని మారితే శరీరం మారుతుంది. పని ఎవరిదన్నది ప్రకృతి నిర్ణయించలేదు, సంఘం నిర్ణయించింది.

దీని అర్థం శరీరం అబద్ధమని కాదు. కాన్పు తరవాత తల్లి రక్తంలో హార్మోనులు హఠాత్తుగా పడిపోతాయి. కొందరు తల్లులు దిగులులో కూరుకుపోతారు. థైరాయిడ్ మందగించిన స్త్రీకి ఒళ్లు బరువెక్కుతుంది, దేనిమీదా కోరిక ఉండదు. ముట్లుడిగే వయస్సులో నిద్ర పట్టదు. వీటికి వైద్యం ఉన్నది, చేయించాలి. కాని వైద్యుడి దగ్గరకు వెళ్లాలంటే ముందు ఇంట్లో ఎవరితోనైనా చెప్పాలి. చెబితే ‘బద్ధకం’ అనకుండా, ‘గాలి సోకింది’ అనకుండా వినేవారు ఉండాలి. హార్మోనును నిజంగా గౌరవించేవాడు మాటను గౌరవించక తప్పదు. భార్య కోపానికి ‘హార్మోన్లు’ అని పేరు పెట్టి నవ్వి ఊరుకునేవాడు ఈ రెంటినీ గౌరవించటం లేదు.

6

ఇక మన ఇళ్లలో మాట సంగతి. నేను భాష చెప్పుకు బతికేవాణ్ణి కనుక భాషనుంచే మొదలుపెడతాను. మధ్యతరగతి తెలుగు ఇంట్లో భర్త భార్యను ‘ఏమే’ అన్నాడు, ‘నువ్వు’ అన్నాడు. భార్య భర్తను ‘ఏమండీ’ అన్నది, ‘మీరు’ అన్నది. పేరు పెట్టి పిలిస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయపెట్టారు. వేరొక ఊళ్లో, వేరొక కులంలో, పొలంలో పక్కపక్కన నాట్లువేసి కోతకోసే ఇళ్లలో, ‘ఏమయ్యా’ అని, ‘మావా’ అని, ‘నువ్వు’ అని భార్య నోరారా పిలిచింది. అక్కడ స్త్రీకి దెబ్బలు లేవని నేననను. సారా ఉన్న చోట అవీ ఉన్నాయి. కాని కూలి తెచ్చే చేతికి మాట తెచ్చే నోరుకూడా కొంత ఉన్నదన్న సంగతి గుర్తించాలి. దంపతుల మధ్య సర్వనామాన్ని ప్రకృతి ఇవ్వలేదు. ఆస్తి ఇచ్చింది.

ఉమ్మడి కుటుంబంలో పగలు భార్యాభర్తలు మాట్లాడుకుంటే తప్పు. రాత్రి కలుసుకోవటానికి మాత్రం పెద్దలే ముహూర్తం పెట్టారు. మాట లేని సాన్నిహిత్యాన్ని సంప్రదాయం అనుమతించింది. మాట ఉన్న సాన్నిహిత్యాన్ని చూసి భయపడింది. ఎందుకు? మాట్లాడుకున్న దంపతులు ఒక కూటమి అవుతారు. కట్నం లెక్కను ప్రశ్నిస్తారు, పనుల పంపకాన్ని ప్రశ్నిస్తారు. ఇప్పుడు ఉమ్మడి కుటుంబాలు చాలావరకు విడిపోయాయి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి రాత్రి అలసి చేరుతున్నారు. వంట ఇప్పటికీ చాలా ఇళ్లలో ఒకరిదే. పెద్దల నిషేధం పోయి అలసట నిషేధం వచ్చింది. ఇద్దరికీ తీరిక లేని చోట, ఒకరి మాటకు విలువ లేని చోట ఏ గ్రంథీ సాన్నిహిత్యాన్ని పుట్టించలేదు.

అందుచేత రచయితల ముందున్న పని స్పష్టం. ప్రేమను రసాయనంగా వర్ణించే కొత్త కవిత్వమూ, విధిగా వర్ణించే పాత కవిత్వమూ ఒకే గూటి పక్షులు. రెండూ మనిషి చేతిలోని బాధ్యతను తప్పించుకుపోతాయి. భార్యాభర్తలు ఏమి మాట్లాడుకుంటున్నారు, ఏమి మాట్లాడుకోలేక పోతున్నారు, ఎవరి భయంవల్ల, ఎవరి సొమ్మువల్ల ఆ మాట ఆగిపోతున్నది అని రాయటం మన పని. శరీరంలో వార్తాహరులు నిత్యం తిరుగుతూనే ఉన్నారు. వారు వార్త తెచ్చేసరికి ఇంట్లో మనుషులు సమానులుగా ఉన్నారా, లేదా అన్నదే ప్రశ్న. ఆనాడు నా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు గ్రంథుల శాస్త్రంలో జవాబు లేదు. లుబ్ధావధాన్లు, సుబ్బి మాట్లాడుకోవటానికి ఏమీ ఉండేది కాదు. కొన్నవాడికి, అమ్ముడయినదానికి మధ్య ధర మాట్లాడబడుతుంది. అది తల్లిదండ్రులతో ముందే అయిపోయింది.